లాగ్‌బుక్ తెరిచి ఆయన ముందు పెట్టండి

యుద్ధ విమానం నడిపిన మీ తాతగారు ఎనభై దాటినా 1971 పాకిస్తాన్ యుద్ధం గురించి నోరు విప్పడం లేదనీ, ఆయన జ్ఞాపకాలను భద్రపరిచే దారి చెప్పమనీ అడిగారు. మా పెదనాన్నగారు ఆ యుద్ధంలో పఠాన్‌కోట్ నుంచి హంటర్ విమానం నడిపారు. ఆయన చేత మాట్లాడించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మొదట నేనూ అందరూ అడిగేవే అడిగాను: భయం వేసిందా, ఎన్ని ట్యాంకులు పేల్చారు, శత్రు విమానం ఎదురుపడిందా అని. ప్రతిసారీ ‘మా డ్యూటీ మేం చేశాంలేరా’ అని పేపరు మడిచి లేచిపోయేవారు. ఏటా ఆ యుద్ధ విజయ దినం డిసెంబరు 16 వచ్చేసరికి టీవీ వాళ్ళు కూడా ఇవే ప్రశ్నలు వేసి, ఆయన మాటల్లో రెండు నిమిషాలు మాత్రం ఉంచి, వెనక సంగీతం జోడించి ప్రసారం చేసేవారు. అంత వయసు మనిషిని పతకాలు తగిలించి కూర్చోబెట్టి, ఆయన చెప్పబోయేది వినకుండా లేచి వెళ్ళడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఒక మధ్యాహ్నం ట్రంకుపెట్టెలోని లాగ్‌బుక్, అంటే పైలట్ తన ప్రతి ప్రయాణం రాసుకునే పుస్తకం తీసి, 1971 డిసెంబరు పేజీ తెరిచి, ఏమీ అడగకుండా ఆయన ముందు పెట్టాను. తేదీ, విమానం నంబరు, గాలిలో ఉన్న సమయం, ఇలాంటి పొడి వివరాలే ఉన్నాయి. ఒక వరుస మీద వేలు ఉంచి చాలాసేపు ఊరుకున్నారు. తరువాత ఎడమ చెయ్యి బల్ల మీద మెల్లగా ముందుకు జరిగింది, కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుంది. అది ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్‌నీ, విమానాన్ని తిప్పే స్టిక్‌నీ పట్టుకున్న తీరని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

ఆ రోజు దిగిన వెంటనే మళ్ళీ ఎగరవలసి వచ్చిందట. హంటర్ కడుపులో నాలుగు 30 మిల్లీమీటర్ల తుపాకులూ, వాటి గుళ్ళూ ఉన్న పెట్టె మొత్తం ఒకేసారి కిందికి దిగుతుంది. ఖాళీదాన్ని దించి నిండుదాన్ని ఎక్కించడం నేల మీద విమానాన్ని సిద్ధం చేసే ఎయిర్‌మెన్ పని. ఆ చలిలో ఇనుము పట్టుకుని వేళ్ళు చిట్లిన ఒక కుర్రవాడు గుడ్డ చుట్టుకుని పని ముగించి, నిచ్చెన ఎక్కి ఈయన పట్టీలు బిగించి, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఇజెక్షన్ సీటు పొరపాటున పేలకుండా పెట్టిన పిన్నులు తీసి చూపించి, భుజం తట్టి దిగాడు. ‘ఆ చెయ్యి బరువు ఇంకా తెలుస్తోందిరా’ అన్నారు. దాడి గురించి రెండు వాక్యాలు చెప్పిన మనిషి ఆ కుర్రవాడి గురించి నలభై నిమిషాలు చెప్పారు.

అందుకే వీరత్వం గురించి అడగవద్దంటాను. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. తేదీ తప్పు చెప్పినా అడ్డుపడకండి, ఇంగ్లీషూ హిందీ కలిసిన ఆయన భాషను సరిదిద్దకండి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000లో మొదలైన పథకం కింద మామూలు కుటుంబాలు చేసిన ఇంటర్వ్యూలను కూడా స్వీకరించి దాచిపెడుతోంది. మన రక్షణ శాఖ యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళకు బహిరంగపరచాలని 2021లో విధానం ప్రకటించింది, అది అవసరమే. కానీ ఆ కుర్రవాడి వేళ్ళ సంగతి ఏ ఫైలులోనూ ఉండదు.

సాక్షి లేకపోతే ఎంతటి సాహసమైనా మరుగున పడుతుంది. 1965 యుద్ధంలో సెప్టెంబరు 7న పాకిస్తాన్ వైమానిక స్థావరం సర్గోధా మీద దాడికి వెళ్ళిన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య తిరిగి రాలేదు. తన మిస్టీర్ విమానం కంటే ఎంతో వేగవంతమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానంతో పోరాడి దాన్ని కూల్చాడని మనవాళ్ళకు చాలా ఏళ్ళ తరువాత, అదీ అవతలి పక్షం కథనాల వల్ల తెలిసింది. మహావీర చక్ర ఆయన మరణానంతరం 1988లో, అంటే 23 ఏళ్ళకు వచ్చింది.

పెదనాన్నగారితో జతగా ఎగిరిన మిత్రుణ్ణి కూడా కలవాలని నేను వాయిదా వేస్తూ ఉండగానే ఆ మిత్రుడు పోయారు. మీరు ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

ఆ కుర్ర ఎయిర్‌మన్ పేరు పెదనాన్నగారికి ఆ రోజు గుర్తు రాలేదు. మూడు వారాల తరువాత ఒక తెల్లవారుజామున ఫోన్ చేసి, ఆ పేరూ, అతని ఊరూ చెప్పి పెట్టేశారు. చీటీ మీద రాసి ఆ పేజీలోనే ఉంచాను.