స్టాడ్ దాటాలంటే గాలి ఒక్కటే చూస్తే చాలదు

నార్వే పడమటి తీరంలో ఒలెసుండ్ వెళ్లే దారిలో, స్టాడ్‌కి ముందున్న మోలోయ్ హార్బర్‌లో ఆగిపోయామని, గాలి సెకనుకు 5 మీటర్లకు పడిపోయినా పక్క బోటువాళ్లు కదలడం లేదని రాశారు. వాళ్లు చేస్తున్నదే కరెక్టండీ. తుఫాను వెళ్లిపోయాక కూడా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ స్టాడ్ మొన దగ్గర రెండు మూడు రోజులు పెద్ద అలలు ఉంటాయి. పైగా అవి వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి అక్కడ ఢీకొంటాయి. వైకింగులంతటి వాళ్లే ఆ మొన చుట్టూ తిరగలేక, పడవల్ని ఆ మొన వెనకున్న డ్రాగ్‌సైడ్ అనే దారి మీదుగా నేల మీద ఈడ్చుకెళ్లేవారట. ఇక మనమెంత!

నార్వే వాతావరణ సంస్థ యాప్‌లో గాలి చూసి ఊరుకోకండి. బారెంట్స్‌వాచ్ అనే నార్వే సముద్ర సమాచార సైట్‌లో స్టాడ్ దారికి అలల అంచనా విడిగా ఉంటుంది. ఎత్తుతో పాటు దిక్కు కూడా చూడండి. మీ సైజు బోటుకైతే ఎత్తు మీటరు లోపుకి దిగేదాకా ఆగమనే చెబుతాను. ఈలోగా సెల్యే అనే ఊరి దాకా జరిగితే మొన దగ్గరవుతుంది, అదను దొరకగానే పొద్దున్నే బయల్దేరొచ్చు.

ఈ ఖాళీలో డీజిల్ ఫిల్టర్ సంగతి చూడండి. కింది గాజు గిన్నెకి టార్చి వేసి చూస్తే, నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. వాటిని బయటికి తీసేయండి. బోటు బాగా ఊగితే ట్యాంకు అడుగున ఉన్న మడ్డి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది, ఇంజిన్ సరిగ్గా మొన దగ్గరే ఆగిపోతుంది. స్పేర్ ఫిల్టర్, దాన్ని విప్పే రెంచ్ చేతికందేలా పెట్టుకోండి. వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్ ఆన్‌లోనే ఉంచండి.