గద్వాల దిక్కు శాంప్లింగ్‌కి పోయే మా బిడ్డకి

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన. బంగారం వెతికే ఎక్స్‌ప్లోరేషన్ కంపెనీల జాబ్ వచ్చిందని మీ నాయిన మొన్ననే ఫోన్ జేసి చెప్పిండు, గద్వాల షిస్ట్ బెల్ట్ (పొరలు పొరలుగ ఉండే రాతి పట్టీ) మీదికి పంపుతున్నరంటె ఇంకా సంబరమైంది, ఎందుకంటె అది మన ఉమ్మడి పాలమూరే కదా, మన భాష మాట్లాడే రైతుల చెలకలల్లనే తిరుగుతవు. నువ్వు అడిగింది ఏ ల్యాబ్ మంచిది, ఫైర్ అస్సే (రాయి పొడిని కొలిమిల కరిగిచ్చి బంగారం తీసే పరీక్ష) చేయించాల్నా లేకుంటె యాసిడ్‌ల కరిగిచ్చే టెస్ట్ సరిపోతదా అని. చెప్త, గాని దానికంటె ముందు బండ కాడి పని గురించి రాస్త. ల్యాబోళ్లు నువ్విచ్చిన సంచిల ఏముందో చెప్తరు గంతే, గుట్టల ఏముందో వాళ్లకేం ఎరుక?

ముందు జర ఈ లెక్క చూడు. టన్ను రాయిల ఒక గ్రాము బంగారం ఉందనుకో, దాన్నే 1 పీపీఎం అంటం, అంటె పది లక్షల్ల ఒక వంతు. ఫైర్ అస్సేకి తీసుకునే పొడి మామూలుగ 30 గ్రాములు, కొన్ని ల్యాబులల్ల 50. ఆ 30 గ్రాములల్ల ఉండాల్సిన బంగారం 30 మైక్రోగ్రాములు. ఇప్పుడు మిల్లీమీటర్‌ల పదో వంతున్న ఒక్క రేణువు తీస్కో, బంగారం సాంద్రత 19.3 కాబట్టి అది ఒక్కటే 19 మైక్రోగ్రాముల దాక తూగుతది. అంటె ఆ రేణువు ఒకటి పడితే రిపోర్ట్‌ల 0.64, రెండు పడితే 1.28, ఏదీ పడకుంటె ఏం లేదని వస్తది. రాయి అదే, సంచి అదే, మిషన్ అదే. పులిహోర వడ్డిస్తుంటె ఒకని ఇస్తారిల పల్లీలే పల్లీలు, పక్కోనికి ఒక్కటి రాదు చూడు, గట్లనే. రాగి, ఇనుము అయితే రాయంత పరుచుకొని ఉంటయి, బంగారంతోని గట్ల కాదు, అందుకే దీనికి శాంపిల్ పెద్దగ తియ్యాలె, మెత్తగ నూరాలె, మళ్లమళ్ల చెక్ చెయ్యాలె.

పోయే ముందు మ్యాప్ చదువుకో. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌ల మ్యాపులు ఫ్రీగనే దొరుకుతయి. మన మహబూబ్‌నగర్, నల్గొండ భూమి ఎక్కువ గ్రానైటే, దాని నడుమ సన్నగ పట్టీలు పట్టీలుగ షిస్ట్ ఉంటది, గద్వాలది ఒకటి, సాగర్ దిక్కు పెద్దవూరది ఒకటి. బంగారం వెతుకుడంత ఆ పట్టీలల్లనే. పక్కకు రాయచూర్ జిల్లాల హట్టి గనులు ఇప్పటికీ నడుస్తనే ఉన్నయి, కోలార్‌ల 2001ల మూసేసిండ్రు. కుదిరితే హట్టి రాళ్లు ఒకసారి చేతిల పట్టుకొని చూడు. అక్కడ బంగారం ఒట్టి పలుగురాయిలనే ఉండదు, నలిగిపోయి బయోటైట్ (నల్ల అభ్రకం) పట్టిన పక్క రాయిల గూడ ఉంటది. కొత్తగ వచ్చిన పిల్లలు తెల్లగ మెరిసే పలుగురాయి కనిపిస్తె సుత్తెతోని ఉరుకుతరు, ఆ తెల్లటి దాంట్ల చాలాసార్లు ఏముండదు. పొరలు పొరలుగ, బూడిద రంగుల, తుప్పు మరకలతోని, సల్ఫైడ్ (గంధకం కలిసిన ఖనిజం) చుక్కలతోని ఉన్న పలుగు చూడాలె, దానికి అటు ఇటు ఆనుకున్న నల్ల షిస్ట్ గూడ చూడాలె. రీఫ్, అంటె ఆ పలుగు పట్టీ, దాని శాంపిల్ వేరే, పక్క రాయి శాంపిల్ వేరే, రెండూ ఒక్క సంచిల కలపొద్దు.

ఏరుకొచ్చిన రాయి, అదే గ్రాబ్ శాంపిల్, దాని గురించి నా మాట ఖరాగ్గనే ఉంటది. బంగారం ఉందా లేదా అని తెల్సుకునేదానికి మాత్రమే అది పనికొస్తది, ఎంతుందో చెప్పనికి పనికిరాదు. మనిషి కన్ను ఎప్పుడు బాగున్న రాయి మీదనే పడతది కదా. ఆఫీసుల ఎవరన్న గ్రాబ్ శాంపిల్ టన్నుకు 14 గ్రాములు వచ్చిందని స్లైడ్‌ల పెద్ద అక్షరాలతోని రాస్తె, నీ రిపోర్ట్‌ల మాత్రం అది గ్రాబ్ అని పక్కన రాసే ఉంచు.

ఎంతుందో తెల్వాలంటె చానల్ కొట్టాలె, అంటె బండల గాడి చెక్కి ఆ తునకలన్నీ తియ్యాలె. రీఫ్ యే దిక్కు పోతుందో దానికి అడ్డంగ, దాని ఈ అంచు నుంచి ఆ అంచు దాక. ముందు బండ మీది మట్టి, పాచి, తుప్పు పట్టిన పై పొర తీసేసి బ్రష్‌తోని నీళ్లు కొట్టి కడుగు. కింద తార్పాలిన్ పరువు, లేకుంటె చిన్న తునకలు గడ్డిల పడిపోతయి, బంగారం పోయేది ఆ తునకల పొడిలనే ఎక్కువ. 5 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల లోతు, మీటర్ పొడుగు గాడి కొడితే 4 కిలోల దాక వస్తది, అది మంచి శాంపిల్. రాయి మారిన కాడల్ల శాంపిల్ మార్చు, మీటర్ కాలేదు కదా అని షిస్ట్‌నీ పలుగునీ ఒకదాంట్ల కలిపెయ్యొద్దు. ఇంకొకటి, మెత్తటి రాయి ఉలి పెట్టంగనే రాలుతది, గట్టిది రాలదు, కూలీలు మధ్యాహ్నం ఎండల విసిగిపోయి మెత్తటి కాడనే ఎక్కువ కొడ్తరు. వాళ్లను అనుడు గాదు, నువ్వు పక్కన నిలబడాలె. గాడి అంత పొడుగు ఒక్క తీరుగ ఉందా లేదా టేప్ పెట్టి చూస్కో. డైమండ్ బ్లేడ్ కట్టర్ ఇస్తె ఇంకా మంచిది, అది ఇయ్యమని అడుగు, మొహమాటపడకు.

ఉంగరం, గాజులు, గొలుసు ఇంట్లనే పెట్టిపో. మీ అమ్మ ఒప్పుకోదు, బోడి చేతులతోని తిరుగుతవా అని లొల్లి చేస్తది, అయినా పెట్టిపో. మైక్రోగ్రాముల లెక్క పైన చూసినవ్ కదా, బండకి రాసుకున్న ఉంగరం నుంచి వచ్చే పొడి చాలు మొత్తం బ్యాచ్ పాడు చెయ్యనికి. మీ కూలీలకు, డ్రైవర్‌కి గూడ ఇదే చెప్పు.

సంచి మీద నంబర్ రాయి, లోపల గూడ ప్లాస్టిక్ కవర్ల పెట్టి టికెట్ వెయ్యి, మన ఎండకి మార్కర్ రాతలు వారం కూడా ఆగవు. నంబర్‌ల ఊరి పేరు, రీఫ్ పేరు పెట్టొద్దు, ఒట్టి వరుస నంబర్ ఉండాలె, ల్యాబ్‌ల ఎవరికీ ఏది ఎక్కడిదో అర్థం కావొద్దు. జీపీఎస్, ఫోటో, రాయి వర్ణన నోట్‌బుక్‌ల అప్పటికప్పుడే, రాత్రి రూంకి పోయి రాస్త అనుకుంటె కలగాపులగం అయితది. మూట కట్టి సీల్ వేసినంక ఎవరి చేతిల ఉంది, ఎప్పుడు ఇచ్చిండ్రు, సంతకం. 1997ల ఇండోనేషియాల బుసాంగ్ అనే చోట బ్రె-ఎక్స్ కంపెనీ కథ బయటపడ్డది, శాంపిళ్లల్ల బయటి బంగారం కలిపి కోట్ల డాలర్ల షేర్లు పెంచిండ్రు, డ్రిల్ కోర్ (డ్రిల్లింగ్‌ల బయటికి తీసే రాతి కడ్డీ) సగం దాచిపెట్టకుండ మొత్తం నూరేసిండ్రు కాబట్టి చాన రోజులు ఎవరూ మళ్ల చెక్ చేసుకోలేకపోయిండ్రు. డ్రిల్లింగ్ దాక పోయినంక కోర్‌ని నిలువుగ కోసి సగం బాక్సుల దాచుడు అందుకే.

వాగులల్ల ఇసుక తీసేటప్పుడు ఉత్త 80 మెష్ (సన్నటి జల్లెడ) దాటిన చిన్న శాంపిల్‌తోని బంగారం సరిగ్గ చిక్కదు, ఆ రేణువుల గోలే. రెండు మూడు కిలోల శాంపిల్ తీసి సైనైడ్‌ల నానబెట్టి కరిగిచ్చే పద్ధతి ఉంది, అది అడుగు. దానితోపాటు పాన్ (వెడల్పు తట్ట) వేసి కడిగి చూడు, అడుగున నల్ల ఇసుక, దాంట్ల బంగారం రంగు కనిపిస్తదా అని. రేణువు గరుకుగ, కొనలు కొనలుగ ఉంటె మూలం దగ్గర్లనే ఉన్నట్టు, గుండ్రంగ చదునుగ అయిపోతె చాన దూరం నుంచి కొట్టుకొచ్చినట్టు. కంసాలోళ్ల దుకాండ్ల ముందట మోరీల మట్టి కడిగి బంగారం తీసేటోళ్లు ఉంటరు చూసినవా, పాన్ తిప్పుడు నేర్చుకోవాల్నంటె వాళ్ల కాడ ఒక పూట కూసో, యే ట్రైనింగ్‌ల గూడ అంత మంచిగ చెప్పరు.

ఊర్లల్ల రైతులు రాళ్లు తెచ్చి చూపిస్తరు, బంగారమేనా సార్ అని. నవ్వొద్దు. కాకిబంగారం, అదే అభ్రకం, అయితే గోరుతోని రేకులు లేస్తయి. పైరైట్ (బంగారం లెక్క మెరిసే ఇనుము, గంధకం ఖనిజం) అయితే సూది గుచ్చితే దిగదు, కొడితే పగుల్తది, టైల్ ఎనకదిక్కు గరుకు మీద గీస్తె నల్ల గీత పడతది. బంగారం అయితే సూది కింద సొట్ట పడతది, గీత గూడ పసుపే. ఆయన ముందటనే చేసి చూపియ్యి, ఆయనకి సమాధానం దొరుకుతది, నీకు మర్యాద దొరుకుతది. బంగారం పడ్డది, బంగారం ఉందట అని మాట మాత్రం నీ నోట్ల నుంచి రావొద్దు, తెల్లారేసరికి ఎకరం రేటు మారిపోతది. చెలకల అడుగు పెట్టేముందు అడుగు, గుంత తీస్తె పూడ్చు. కంపెనీ లైసెన్స్ కాపీ, లెటర్ బ్యాగుల ఉంచుకో, అమ్రాబాద్ అడివి దిక్కు అయితే అటవీ శాఖ పర్మిషన్ లేకుండ ఒక్క రాయి ముట్టొద్దు. పాత గుంతలు, బావులు కనిపిస్తె లోపలికి దిగకు, గాలి ఉండదు, పాములుంటయి.

ఇగ ల్యాబ్. రాయిని ముందు 2 మిల్లీమీటర్లకు పగలగొట్టి, రిఫిల్ స్ప్లిటర్ (సమంగ రెండు పాళ్లు చేసే పెట్టె) తోని పంచి, ఒక కిలో దాక తీసి 75 మైక్రాన్లకు నూరాలె, 85 శాతం ఆ జల్లెడ దాటాలె. చేత్తోని పిడికెడు తీసిస్తె ఒప్పుకోకు, పొడిల బరువైనవి అడుగుకు దిగుతయి. ఒక శాంపిల్‌కి ఇంకోదానికి నడుమ ఉత్త పలుగురాయి నూరి మిల్లు శుభ్రం చేస్తున్నరా అని అడుగు. వీలైతే పోయి చూడు, ల్యాబ్ మంచిదా కాదా అన్నది ఆ నూరే రూమ్‌లనే తెలుస్తది, పైన ఏసీ రూమ్‌ల పెద్ద మిషన్ చూపిస్తె మురిసిపోకు. మిగిలిన పొడి, తునకలు పారెయ్యొద్దని రాసియ్యి.

ఫైర్ అస్సే వందల ఏండ్ల నాటి పద్ధతే అయినా ఇప్పటికీ దానికి మించింది లేదు. పొడిల లిథార్జ్ (సీసం ఆక్సైడ్), సోడా, బోరాక్స్, కొంచెం పిండి కలిపి 1000 డిగ్రీల పైన కరిగిస్తరు, సీసం కిందికి దిగుకుంట బంగారం వెండి రెంటినీ పట్టుకొస్తది. ఆ సీసం బిళ్లని క్యుపెల్ (సీసాన్ని పీల్చుకునే చిన్న గిన్నె) ల పెట్టి కాలిస్తె సీసం పోయి చిన్న పూస మిగుల్తది, నైట్రిక్ యాసిడ్‌ల వెండి కరిగి బంగారం ఒక్కటే ఉంటది. యాక్వా రెజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లు కలిపింది) ల కరిగిస్తె ఖర్చు తక్కువే, గాని సిలికేట్ లోపల దాక్కున్న బంగారం దానికి అందదు. మట్టి శాంపిళ్లకి సరే, రీఫ్‌కి, డ్రిల్ కోర్‌కి ఫైర్ అస్సేనే చేయించు. సల్ఫైడ్ ఎక్కువుంటె ముందే చెప్పు, వాళ్లు ఫ్లక్స్ (పొడిల కలిపే ఆ సోడా, బోరాక్స్ మిశ్రమం) మార్చుకుంటరు. కంటికి కనిపించే బంగారం ఉంటె స్క్రీన్ ఫైర్ అస్సే అడుగు, కిలో పొడిని జల్లెడ పట్టి పైన మిగిలిన ముతకదంత కాలుస్తరు, కింద పడ్డ మెత్తటి దాంట్ల రెండు సార్లు తీసి చూస్తరు. నగల షాపుల పెట్టే ఎక్స్‌రే మిషన్‌తోని రాయిల బంగారం చూపిస్తమని ఎవరన్న అంటె దండం పెట్టు. అది శాతం లెక్కల చూసేది, మనకి కావాల్సింది పది లక్షల్ల ఒక వంతు లెక్క. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఇస్తె, అది గూడ ఎక్స్‌రే మిషనే, దాంట్ల ఆర్సెనిక్ చూడు, మంచిగ చూపిస్తది, బంగారానికి అది తరచు తోడుంటది, ఆర్సెనిక్ పెరుగుతున్న కాడ చానల్ కొట్టు.

ప్రతి 20 శాంపిళ్లకి ఒక సర్టిఫైడ్ స్టాండర్డ్ (బంగారం ఎంతుందో ముందే తెలిసిన పొడి), ఒక బ్లాంక్ (బంగారం లేనిది), ఒక డూప్లికేట్ (అదే శాంపిల్ రెండోసారి) వాళ్లకు తెల్వకుండ వరుసల కలిపెయ్యి. బ్లాంక్‌ని బాగ వస్తదనుకున్న శాంపిల్ ఎనకనే పెట్టు, మిల్లుల మిగిలిపోయేది అక్కడనే దొరుకుతది. మేనేజర్ ఖర్చు అంటడు, వినకు. స్టాండర్డ్ రిజల్ట్ దాని అసలు విలువ నుంచి మూడు స్టాండర్డ్ డీవియేషన్లు (మామూలుగ వచ్చే తేడాకి మూడింతలు) దాటితే ఆ బ్యాచంత మళ్ల చేయమను, నంబర్లు ఎంత ముద్దుగున్నా సరే. కొన్ని పొడులు ఇంకో ల్యాబ్‌కి గూడ పంపు. సగటు తీసేటప్పుడు పొడుగుతోని తూచి తియ్యి. అర మీటర్ల 12 గ్రాములు, పక్కన మీటరున్నరల 0.4 వస్తె రెండు మీటర్లకి 3.3, ఉత్తగ కలిపి రెండుతోని భాగిస్తె 6.2 వస్తది, ఆ రెంటికీ నడుమ ఎంత తేడా ఉందో నీకే కనిపిస్తది.

మొదటి బ్యాచ్ రిజల్ట్స్ వచ్చినంక మీ కంపెనీల బయటికి చూపియ్యనిస్తె, గ్రేడ్లు (బంగారం ఎంతుందన్న లెక్కలు) నాకు పంపకు. స్టాండర్డ్‌ల, బ్లాంక్‌ల నంబర్లు మాత్రం పంపు, డూప్లికేట్లు గూడ, అవి చూసినంకనే ఫోన్ల మాట్లాడుకుందం. ఎండల జర జాగ్రత్త, నీళ్లు ఎక్కువ పట్టుకపో.

మీ పెద్దబాపు