బెంగళూరు నుంచి రెండు రాత్రుల క్యాంపింగ్: కరెంటు లేనిచోట నాన్నగారి సీప్యాప్ (నిద్రలో శ్వాస ఆగకుండా గాలి ఊదే మెషీన్) నడిచేదెలా?

ముందు హ్యూమిడిఫయర్ (గాలికి తేమ చేర్చేది), హీటెడ్ ట్యూబ్ (గాలిని వెచ్చగా ఉంచే గొట్టం) ఆపేయండి. బ్యాటరీని తినేసేవి అవే. అవి లేకుండా, ప్రెషర్ 10 దగ్గర చాలా మెషీన్లకు సుమారు 10 వాట్లు చాలు. రాత్రికి 100 వాట్ అవర్లు అనుకున్నా, 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 256 ఉంటాయి, రెండు రాత్రులు గడిచిపోతాయి.

ఎస్పీ రోడ్డులో చౌకగా దొరికినా ఇన్వర్టర్ జోలికి పోకండి. డీసీని ఏసీ చేసి, అడాప్టర్ మళ్లీ డీసీ చేసేలోపు కొంత వేడిగా పోతుంది. మీ మోడల్‌కు సరిపడే డీసీ కన్వర్టర్ కొనండి. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10కి 24 వోల్టులు కావాలి, 12 నేరుగా ఇస్తే పనిచేయదు.

బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు పెట్టండి. వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజీ పడిపోయి అర్ధరాత్రి మెషీన్ ఆగిపోవచ్చు. ఛార్జీ మిగల్చాలని ప్రెషర్ మాత్రం తగ్గించకండి. బయల్దేరేముందు ఇంట్లో ఒక రాత్రంతా బ్యాటరీ మీదే నడిపి చూడండి.