ప్రోనోటు చూసి ర్యాంకు లిస్టు రాయించకండి మాస్టారూ

ప్రశ్న: కోనసీమలో అంబాజీపేట దగ్గరి పల్లె మాది. జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 46,000, ఇంటి ఖర్చు 24,000. అరెకరం కొబ్బరి తోట ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు పెద్దమ్మాయి పెళ్లికి, ఇంటి శ్లాబుకి సరిపోయింది. చిన్నమ్మాయి కాకినాడలో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో జీతంతో చేసే మూడేళ్ల శిక్షణ) కోసం పరీక్షలు రాసింది. ఆ ఫీజులకు, అక్కడికి రెండుసార్లు వెళ్లిరావడానికి ఊళ్లో తెలిసినాయన దగ్గర 14 లక్షలు ప్రోనోటు మీద తెచ్చాను. నూటికి రెండు రూపాయల వడ్డీ, 14 నెలలుగా నెలనెలా కడుతున్నాను. తొమ్మిది చోట్ల ఇంటర్నల్ మెడిసిన్‌కి, అంటే మన జనరల్ మెడిసిన్‌కి, ఇంటర్వ్యూలు అయ్యాయి. అందరూ శిక్షణకు వచ్చేవాళ్లకిచ్చే జే-1 వీసాయే ఇస్తారట. ఇప్పుడు ఆ ఆసుపత్రులను కోరిక వరసలో రాసి ర్యాంకు లిస్టు పంపాలి. అమ్మాయి అందులో ఒహాయోలోని యూనివర్సిటీ ఆసుపత్రిని మొదట పెడతానంటోంది. తర్వాత కార్డియాలజీ చేయాలని దాని కోరిక. నేను న్యూజెర్సీలోని చిన్న ఆసుపత్రిని మొదట పెట్టమంటున్నాను. అక్కడికి పెద్దమ్మాయి ఇల్లు కారులో గంట ప్రయాణం. అద్దె ఉండదు. జీతం కూడా ఏడాదికి 64,000 డాలర్ల బదులు 68,000. ఏడాదిలో అప్పు తీరుతుంది. పైగా చిన్న ఆసుపత్రిని ముందు పెడితే సీటు ఖాయమని నా ఉద్దేశం. అమ్మాయి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాలని ఇంటి దస్తావేజు పెట్టి మరో 10 లక్షలు అదే వడ్డీకి తేబోతున్నాను. మా ఆవిడ బంగారం 30 కాసులు లాకర్లో ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. ఏ ఆసుపత్రిని ముందు పెట్టాలి?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో పెన్షన్ ఉంది, తోట ఉంది, బంగారం ఉంది, అప్పు ఉంది. రేపు తెల్లారేసరికి అవసరమొస్తే తీసి వాడుకోవడానికి ఒక్క రూపాయి నిల్వ ఉన్నట్టు మాత్రం ఎక్కడా లేదు. మీరు ఆసుపత్రుల గురించి అడిగారు, దానికీ చెబుతాను. కానీ పాలకొల్లు నుంచి, భీమవరం నుంచి, రాజోలు నుంచి ఈ రకం ఉత్తరాలే వస్తుంటాయి. పిల్లల చదువుకి వడ్డీకి తెస్తారు, ఆ వడ్డీ మెడకు చుట్టుకున్నాక పిల్లలు ఎక్కడ చేరాలో ఆ వడ్డీయే తేలుస్తుంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు పదిలక్షల సంగతి. తేవద్దు. ఇప్పుడున్న 14 లక్షలకు నెలకు 28,000 కడుతున్నారు. 14 నెలల్లో 3,92,000 వెళ్లిపోయింది, అసలు అలాగే ఉంది. మరో పది తెస్తే 24 లక్షలకు నెల వడ్డీ 48,000. మీ పెన్షన్ 46,000. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు దిద్దిన చెయ్యి ఈ కూడిక వేసుకోకుండా దస్తావేజు మీదకు ఎలా వెళ్లిందో నాకు అర్థం కాలేదు. కోపంగా రాస్తున్నాననుకోకండి, భయంతో రాస్తున్నాను. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి నూటికి 24 అని కాగితం మీద రాసి చూస్తే ఎవరికీ సంతకం పెట్టబుద్ధి కాదు. దానికి తోడు ప్రోనోటు చెల్లుబాటు మూడేళ్లు. ఆ లోపు దాన్ని తిరగరాస్తారు. నెలనెలా కట్టలేకపోయిన వడ్డీ ఏదైనా ఉంటే అప్పుడు అసలులో కలిసిపోతుంది. ఇల్లు పోయిన వాళ్లలో చాలామంది మొదటి నోటు దగ్గర పోగొట్టుకోలేదు, రెండోసారి తిరగరాసినప్పుడు పోగొట్టుకున్నారు.

ఇక ర్యాంకు లిస్టు. మన కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టినట్టే అనుకోండి, ఒక్క తేడాతో. ఇక్కడ మీ ర్యాంకు ఒక్కటే మాట్లాడుతుంది. అక్కడ ఆసుపత్రులు కూడా తాము ఇంటర్వ్యూ చేసినవాళ్లను వరస పెట్టి పంపుతాయి. కంప్యూటరు ముందు అభ్యర్థి మొదటి కోరికను ప్రయత్నిస్తుంది. అక్కడ కుదరకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. ఒహాయోని మొదట పెట్టి అక్కడ రాకపోయినంత మాత్రాన న్యూజెర్సీలో అవకాశం ఇసుమంత తగ్గదు. న్యూజెర్సీ వాళ్లు అమ్మాయిని ఏ స్థానంలో పెట్టుకున్నారో ఆ స్థానంలోనే ఉంటుంది. ఇలా సీట్లు కుదిర్చే పద్ధతినే మ్యాచ్ అంటారు, అది 1952 నుంచి నడుస్తోంది. 1998లో ఈ పద్ధతిని అభ్యర్థి కోరిక వైపు మొగ్గేలా సరిచేసిన ఆల్విన్ రాత్‌కి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. కాబట్టి 'ఖాయమైనది ముందు పెట్టు' అన్న మీ సలహా వల్ల అమ్మాయికి నష్టమే తప్ప లాభం లేదు. అది నిజంగా ఏది ఎక్కువ కోరుకుంటోందో ఆ వరసలోనే పెట్టాలి.

ఇంకో మాట. అక్కడ మన స్లైడింగు లాంటిది, అంటే వచ్చిన సీటును తర్వాతి విడతలో మార్చుకోవడం, లేదు. వచ్చిన చోట చేరి తీరాలి. చచ్చినా వెళ్లను అనే ఆసుపత్రి ఉంటే దాన్ని లిస్టులో పెట్టకూడదు. వెళ్లగలను అనుకున్నవి మాత్రం తొమ్మిదీ పెట్టాలి. అమెరికా పౌరులు కాని, బయటి దేశాల్లో చదివిన డాక్టర్లలో ఈమధ్య నూటికి అరవై మందికి కూడా సీటు రావడం లేదు. లిస్టు కురచ చేసుకునే స్థితిలో మనం లేము.

ఇప్పుడు మీ అద్దె లెక్క. ఒహాయోలో అద్దె నెలకు 1,000 డాలర్లనుకుందాం, ఏడాదికి 12,000. జీతంలో తేడా 4,000. మొత్తం 16,000 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పునే వేసినా 13,60,000. అంటే దాదాపు మీ అప్పంత. మీ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యడం లేదు. కానీ అందులో మీరు వేసుకోనిది ఒకటుంది. రెసిడెంట్లకు వారానికి 80 గంటల వరకు పని. ఒకేసారి 24 గంటలు డ్యూటీ చేసి, ఆపైన రోగులను అప్పగించడానికి మరో 4 గంటలు ఉండొచ్చని అక్కడి నిబంధనలే ఒప్పుకుంటాయి. అలా 28 గంటలు మెలకువగా ఉన్న పిల్ల చలికాలం మంచులో గంటసేపు కారు నడుపుకుంటూ అక్క ఇంటికి రావాలి. నెలకు ఎన్నోసార్లు. మూడేళ్లు. రాత్రి డ్యూటీ దిగి అమలాపురం నుంచి కాకినాడకు మోటారు సైకిల్ మీద వెళ్తానంటే మీరు ఒప్పుకుంటారా? ఎక్కడ చేరినా ఆసుపత్రికి పది, పదిహేను నిమిషాల దూరంలో గది ఉండాలి. ఆ మాట ఒప్పుకున్నాక న్యూజెర్సీలో అద్దె మిగలడం సరికదా, అక్కడి అద్దె ఒహాయో కంటే ఎక్కువ పడుతుంది. మిగిలేది 4,000 డాలర్ల తేడా. అదీ అక్కడి అద్దెకే చాలదు.

అక్క దగ్గర ఉంటుందన్న ధీమా కూడా మూడేళ్లదే. జే-1 వీసా మీద చేసిన డాక్టరు చదువు అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లిరావాలి. లేదంటే వైద్యులు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి ఆ షరతు నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ కోటా రాష్ట్రానికి ఏడాదికి 30 మాత్రమే. ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లడమే, అది డకోటా కావచ్చు, మిసిసిపీ కావచ్చు. ఇప్పుడు ఊరు చూసుకుని చేరినా రేపు ఆ ఊళ్లో ఉండటం దాని చేతిలో లేదు. మూడేళ్లలో నేర్చుకున్న పని ఒక్కటే వెంట వెళ్తుంది.

అందుకే శిక్షణ ముందు. గత మూడేళ్లలో అక్కడ చదివినవాళ్లు బోర్డు పరీక్ష మొదటిసారే ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి కార్డియాలజీ ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాత చేసే ప్రత్యేక శిక్షణ) వచ్చింది, ఆ ఆసుపత్రిలోనే కార్డియాలజీ శిక్షణ ఉందా, మధ్యలో మానేసి వెళ్లినవాళ్లు ఎందరు, అక్కడున్న మన పిల్లలు ఫోనులో మనసు విప్పి ఏం చెబుతున్నారు. ఇవి అడగమనండి. కార్డియాలజీకి మళ్లీ మూడేళ్లు, దానికీ పోటీయే. సొంత ఫెలోషిప్ ఉన్న చోట పేరున్న డాక్టర్ల దగ్గర పనిచేసి, వాళ్ల సిఫారసు ఉత్తరం తెచ్చుకుంటే ఆ పోటీలో నిలబడగలదు. చిన్న ఆసుపత్రులన్నీ తక్కువని నేను అనను. చేతి నిండా పని నేర్పే చిన్న చోట్లు ఉన్నాయి. కానీ మీ అమ్మాయి కోరిక కార్డియాలజీ అయినప్పుడు, ఈ రెండింటిలో దాని వరసే సరైనది.

ఒహాయో జీతంతో అప్పు తీరదేమోనన్నది మీ భయం. 64,000 డాలర్లంటే పన్నులు పోగా నెలకు సుమారు 4,200 చేతికొస్తాయి. అద్దె, కారు, దాని బీమా, తిండి, ఫోను కలిపి 2,400 అయినా 1,800 మిగులుతుంది. మొదటి నాలుగు నెలలు ఆ మిగులు మీకు పంపకూడదు. దాని పేరు మీదే అక్కడ బ్యాంకులో 7,200 డాలర్లు, అంటే మూడు నెలల ఖర్చు, నిలవాలి. అద్దె కట్టలేక క్రెడిట్ కార్డు గీకడం మొదలైతే అది మీ ప్రోనోటుకి అక్కగారు. ఆ తర్వాత నెలకు 600 డాలర్లు పంపినా 51,000 రూపాయలు. మీ పెన్షన్ కంటే ఎక్కువ.

మళ్లీ నిల్వ దగ్గరికే వస్తున్నాను. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో మా ఇంటి తోట మొత్తం పడుకుంది. తెల్లారి చూస్తే నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. మా నాన్నగారు తోటను నమ్ముకుని, చేతిలో ఏమీ ఉంచుకోలేదు. ఆ ఆరేళ్లూ అప్పు మీదే గడిచాయి. డబ్బు విషయంలో సలహాలు చెప్పే ఈ పనిలోకి నేను రావడానికి అదే కారణం. మీరు కూడా నెలకు 46,000లో 28,000 వడ్డీకి పోగా 18,000తో 24,000 ఖర్చు నెట్టుకొస్తున్నారు. ఆ ఆరు వేలూ కొబ్బరికాయల దింపు డబ్బుల నుంచి వస్తున్నాయని నా ఊహ. మరో తుపాను వస్తే? మార్చిలో సీటు రాకపోతే?

దానికి మార్గం లాకర్లోనే ఉంది. అమ్మగారికి నా మాటగా చెప్పండి, బంగారం అమ్మమనడం లేదు. 30 కాసులంటే 240 గ్రాములు. బ్యాంకులో పెడితే 14 లక్షలు వస్తాయి. వడ్డీ ఏడాదికి తొమ్మిదిన్నర శాతం వేసినా నెలకు 11,000 చిల్లర. ఇప్పుడు కడుతున్న 28,000లో దాదాపు 17,000 మిగిలినట్టు. పెన్షన్లోంచి బంగారం వడ్డీ, ఇంటి ఖర్చు పోగా నెలకు 11,000 నిల్వకు వెళ్తుంది. దింపు డబ్బులు కూడా అందులోకే. మీకు కావలసిన నిల్వ కూడా తగ్గుతుంది. వడ్డీతో కలిపి నెలకు 52,000 బయటికి పోతున్నప్పుడు ఆరు నెలలకు 3,12,000 కావాలి. ఇప్పుడైతే 35,000 చొప్పున 2,10,000 చాలు. రోజూ వాడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో ఉంచండి, ఏటీఎం కార్డు అమ్మగారి దగ్గర పెట్టండి. బంగారం లోను ఏడాదికొకసారి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. ఆ తేదీ గోడ క్యాలెండరు మీద రాసుకోండి, దాటితే వేలం నోటీసు వస్తుంది.

జూన్‌లో అమ్మాయి ఉద్యోగానికి వెళ్లే ఖర్చుకి పది లక్షలు అక్కర్లేదు. టికెట్టు, వీసా, గది అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా తిండి కలిపి 5,000, 6,000 డాలర్లు చాలు. అది పెద్దమ్మాయిని అడగండి. అల్లుడి ముందు చిన్నతనం అనుకోకండి. చెల్లెలు ఏడాది లోపే తిరిగి ఇచ్చేస్తుంది. సీటు వచ్చిందీ రానిదీ మార్చి మూడో వారంలో సోమవారం తెలుస్తుంది. రాకపోతే అదే వారంలో మిగిలిన సీట్లకు ఇంకో ప్రయత్నం ఉంటుంది. అదీ కాకపోతే అమ్మాయి ఇక్కడ డ్యూటీ డాక్టరుగా చేరి, తన సంపాదనతోనే రెండోసారి ప్రయత్నించాలి. దానికి ఇంకో నోటు రాయడం కుదరదని ఇప్పుడే చెప్పేయండి.

తోట అమ్మడం గురించి కూడా ఆలోచిస్తున్నారేమో, ఇప్పుడు వద్దు. చీటీ పాడుకోవడం కూడా వద్దు. మీ ఇద్దరికీ పెన్షనర్ల హెల్త్ కార్డు ఉంది కాబట్టి వేరే పాలసీ తొందరేం లేదు, అమెరికా వెళ్లేటప్పుడు మాత్రం ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కకండి. అమ్మాయికి ఆసుపత్రివాళ్లే ఆరోగ్య బీమా, పనిచేయలేని స్థితి వస్తే ఇచ్చే బీమా ఇవ్వాలి. చేరే ముందు ఆ కాగితం చదివి సంతకం పెట్టమనండి.

ఈ వారంలోనే బ్యాంకుకి వెళ్లండి. డబ్బు అప్పిచ్చినాయన చేతికి ఊరికే ఇచ్చి రావద్దు, ఆయన ఖాతాకి పంపండి. ప్రోనోటు వెనక చెల్లు రాయించి సంతకం చేయించుకుని, అసలు నోటు ఇంటికి తెచ్చుకోండి. తర్వాత అమ్మాయికి ఫోను చేసి, లిస్టు నీ ఇష్టప్రకారమే పెట్టుకో అమ్మా అని చెప్పండి. మార్చి మొదటి వారంతో గడువు అయిపోతుంది.