ప్లేటు మీద పేరు ఎవరిది?

ప్రశ్న: జర్మనీలో ఉంటున్నాను. కోయంబత్తూరు నుంచి వెట్ గ్రైండర్లు తెప్పించి నా బ్రాండ్ పేరుతో అమ్ముతున్నాను. ఒకావిడకు షాక్ కొట్టింది. సీఈ (సరుకు ఐరోపా భద్రతా నిబంధనలకు సరిపోతుందని చెప్పే గుర్తు) పరీక్షల కాగితాలు పంపమని అధికారులు లేఖ రాశారు. ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. సరుకు చేరి రెండేళ్ళ పది నెలలైంది, ఏ దేశ చట్టం వర్తిస్తుందో ఒప్పందంలో రాసుకోలేదు. అప్పు చేసి పెట్టిన వ్యాపారం, టెన్షన్‌తో నిద్ర లేదు. పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. తప్పు ఫ్యాక్టరీది కదా, నేనెందుకు జవాబు చెప్పాలి?

జవాబు: గ్రైండర్ రేటింగ్ ప్లేటు (వోల్టేజీ, కంపెనీ పేరు ఉండే రేకు) మీద పేరు మీది. కేసంతా అక్కడే ఉంది. ఐరోపా సమాఖ్య వారి "లో-వోల్టేజ్ డైరెక్టివ్" (విద్యుత్ పరికరాల భద్రతా నిబంధన, 2014/35/ఈయూ) 10వ అధికరణం ప్రకారం, సొంత పేరుతో సరుకును మార్కెట్లో పెట్టిన దిగుమతిదారే తయారీదారు. సీఈ ఎవరో ఇచ్చే లైసెన్సు కాదు. పరీక్షలు చేయించి, ఆ వివరాలతో టెక్నికల్ ఫైలు తయారుచేసి, సరుకు నిబంధనలకు సరిపోతుందన్న డిక్లరేషన్ మీద మీరే సంతకం పెట్టాక వేయాల్సిన గుర్తు. ఆ ఫైలు పదేళ్ళు దాచాలి. మీరు ఒక్క కాగితం చూడకుండా స్టిక్కర్ వేయించారు. తడి చేతులు, లోహపు బాడీ, 230 వోల్టులు. ఎర్త్ సరిగా లేకపోతే ప్రాణమే పోవచ్చు.

ఆ ఏజెంట్ జోలికి వెళ్ళకండి. ల్యాబ్‌కు ఒక్క మెయిల్ పెడితే రిపోర్టు దొంగదని తేలిపోతుంది. ఇప్పటిదాకా మీది నిర్లక్ష్యం, ఆ కాగితం ఇచ్చాక నేరం.

అమ్మకం ఇవాళే ఆపండి. కొన్నవాళ్ళందరికీ వాడవద్దని రాయండి. అక్కడి వకీలు ద్వారా, గడువు లోపలే, ఫైలు లేదన్న నిజం చెప్పి పరీక్షలకు సమయం అడగండి. షాక్ కొట్టిన గ్రైండర్ చేతికొస్తే విప్పకండి, అది సాక్ష్యం. అదే లాట్‌లో కొన్ని సీలు వేసి ఉంచి, ఒకదాన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఈఎన్ 60335 (ఇంటి విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణం) ప్రకారం పరీక్ష చేయించండి. ఎర్త్ టెర్మినల్ నుంచి బాడీకి నిరోధం 0.1 ఓమ్ దాటిందంటే ఎర్త్ లోపం ఉన్నట్టే; ఫ్యాక్టరీ మీద మీ దావాకు అదే పునాది. ఆర్డర్ మెయిళ్ళు, ఇన్వాయిస్‌లు, "సీఈ ఉంది సార్" అన్న వాట్సాప్ మెసేజ్ చెరిగిపోకుండా చూసుకోండి.

ఇక కాలపరిమితి. ఏ దేశ చట్టమో ఒప్పందంలో రాసుకోలేదన్నారు. అప్పుడు సాధారణంగా అమ్మినవారి దేశ చట్టమే, అంటే మనదే వర్తిస్తుంది. 1963 లిమిటేషన్ చట్టం కింద ఒప్పంద ఉల్లంఘన దావాకు గడువు మూడేళ్ళు. సరుకు చేరి రెండేళ్ళ పది నెలలైంది. లాయర్ నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. వివాదం విలువ 3 లక్షలకు తగ్గకపోతే వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వం సాధారణంగా తప్పనిసరి. ఆ దరఖాస్తు పడితే మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని లిమిటేషన్‌లో లెక్కించరు. ఈ వారంలోనే పవర్ ఆఫ్ అటార్నీని మీ దగ్గరి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కోయంబత్తూరు వకీలుకు పంపండి.