గ్రిల్ మీద హాట్ డాగ్‌కు రుచి రావాలంటే ముందు గాట్లు, తర్వాతే మ్యారినేడ్

“ఇంట్లో గ్రిల్ మీద చేసే హాట్ డాగ్‌లు చప్పగా ఉంటున్నాయి. మ్యారినేడ్‌లో నానబెడితే రుచి వస్తుందా? వస్తే ఎంతసేపు నానబెట్టాలి?” అని అడిగారు.

వస్తుంది. హాట్ డాగ్ అంటే నేనిక్కడ చెప్పేది బన్నులో పెట్టే సాసేజ్ గురించి, మ్యారినేడ్ అంటే కాల్చే ముందు దాన్ని నానబెట్టే సాస్. కాకపోతే గాట్లు పెట్టకుండా రాత్రంతా నానబెట్టినా రాదు, గాట్లు పెడితే పావుగంటలో వస్తుంది. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ రెండూ ఒకే రోజు, ఒకే మ్యారినేడ్‌తో, ఒకే గ్రిల్ మీద కళ్లారా చూశాను.

మూడేళ్ల కిందటి మాట. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తామని అన్నయ్య, వదిన ఫోన్ చేశారు. వదినకు అప్పుడు ఆరో నెల. వంటగదిలో ఎవరూ కష్టపడక్కర్లేకుండా పెరట్లో గ్రిల్ వెలిగిద్దామని నేనే అన్నాను. శనివారం రాత్రే సోయా సాస్, తేనె, బ్రౌన్ షుగర్, వెనిగర్, తురిమిన వెల్లుల్లి కలిపి మ్యారినేడ్ చేశాను. జిప్ కవర్లో 8 హాట్ డాగ్‌లు వేసి, మునిగేదాకా పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకో 4 ఆ కవర్లో పట్టలేదు. వాటిని అలాగే వదిలేసి, మిగిలిన కాస్త మ్యారినేడ్‌ను చిన్న గిన్నెలో మూతపెట్టి ఉంచాను. ఎంత ఎక్కువసేపు నానితే అంత రుచి అని ఎక్కడో చదివి నమ్మాను. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి కవర్‌ను తిరగేసి పెట్టాను కూడా.

మర్నాడు బొగ్గులు ఎర్రగా రాజుకున్నాక కవర్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా గ్రిల్ దగ్గరికి తీసుకెళ్లాను. కారుతున్న హాట్ డాగ్‌లను పటకారుతో పట్టుకుని అలాగే నిప్పుల మీద పరిచాను. చుయ్‌మని పొగ లేచింది. తేనె బొట్లు బొగ్గుల మీద పడి మంట ఎగిసింది. రెండు నిమిషాలకే అడుగు నల్లబడింది. తిప్పితే అటువైపూ అంతే. మాడిపోతున్నాయన్న టెన్షన్‌లో నాలుగు నిమిషాలకల్లా దించేశాను. బన్నులో పెట్టి, ఆకలి మీద ఉంటుందని మొదటిది వదినకే ఇచ్చాను.

ఆవిడ ఒక ముక్క కొరికి ఆగిపోయింది. నమలలేదు, మింగలేదు. పేపర్ నాప్‌కిన్‌లోకి తీసేసి, “లోపల చల్లగా ఉంది” అంది నెమ్మదిగా. అన్నయ్య ప్లేటు తీసి పక్కన పెట్టేశాడు. “ఏరా, ఇలాంటివి పొగలు వచ్చేలా వేడి చేస్తేనే తినమని డాక్టర్ మరీ మరీ చెప్పింది. నువ్వు చూసుకోవద్దూ?” అన్నాడు. నా గుండె జారిపోయింది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుందని, గర్భిణులకు అది సోకితే కడుపులో బిడ్డకే ముప్పని నాకు ఆ రోజే తెలిసింది. వదిన మింగలేదు కాబట్టి సరిపోయింది. హాట్ డాగ్‌లు ముందే ఉడికించి అమ్ముతారు కదా, ఊరికే రంగు వచ్చేదాకా తిప్పితే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా అనుకోకండి. ముఖ్యంగా గర్భిణులు, పెద్దవాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు తింటున్నప్పుడు లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. ఒక చిన్న వంట థర్మామీటర్ కొనుక్కోండి, హాట్ డాగ్ కొసలోంచి నిలువుగా గుచ్చి చూడండి.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. అన్నయ్య ఆ నల్లటి హాట్ డాగ్ ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో గీకాడు. మాడిన పొర పెచ్చులుగా ఊడి వచ్చింది. కింద లేత గులాబీ రంగు, నున్నగా, ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసినట్టుంది. మధ్యకు విరిచి ఒక ముక్క నా నోట్లో పెట్టాడు. సోయా సాస్ లేదు, వెల్లుల్లి లేదు, ఏమీ లేదు. పదహారు గంటలు నానిన దాని లోపల మామూలు హాట్ డాగే ఉంది. రుచంతా ఆ మాడిన పొరలోనే ఉండి, దానితోనే పోయింది. ఆ పొర మాత్రం నాలుక చురుక్కుమనేంత ఉప్పగా ఉంది.

నేను మొహం వేలాడేసుకుని నిలబడితే వదినే అంది, “చేపకైనా గాట్లు పెట్టకుండా ఏం పట్టిస్తాం? ఆ కత్తి ఇలా ఇవ్వు.” కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, విడిగా ఉన్న నాలుగింటినీ పలక మీద పెట్టించుకుని ఏటవాలుగా గాట్లు పెట్టింది. వేలెడు వెడల్పున ఒక గాటు, తిప్పి అటువైపు కూడా అలాగే. గిన్నెలో మిగిలిన మ్యారినేడ్‌లో దొర్లించి పావుగంట ఉంచింది. తర్వాత టిష్యూ పేపర్‌తో పైతడి అద్దించింది. నాకేమో, పట్టించిందంతా తుడిచేస్తుందే అనిపించింది. నిప్పుల్ని ఒక పక్కకు లాగించి, నిప్పులు లేని పక్కన వాటిని పెట్టించి మూత వేయించింది. ఏడెనిమిది నిమిషాలయ్యాక చివర్లో మాత్రం నిప్పుల మీదకు జరిపి నిమిషంసేపు అటూ ఇటూ తిప్పమంది.

గాట్లు విచ్చుకుని అంచులు ముదురు గోధుమ రంగులోకి తిరిగాయి. ఆ పగుళ్లలో మ్యారినేడ్ పాకంలా చిక్కబడి అక్కడక్కడా మెరుస్తోంది. కొరికితే అంచు కరకర, లోపల మెత్తన, ప్రతి ముక్కలోనూ సాస్ రుచి. నలుగురం తలా ఒకటి తిని కాసేపు ఏమీ మాట్లాడలేదు. అందుకే రాత్రంతా నానబెట్టమని ఎవరైనా చెబితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వాళ్లు ఒక్కసారైనా హాట్ డాగ్‌ను గీకి లోపల చూశారా?

ఎందుకిలా జరుగుతుందో తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. పచ్చి మాంసంలోకే మ్యారినేడ్‌లోని వాసనలు కొన్ని మిల్లీమీటర్లకు మించి పోవు, ఉప్పు ఒక్కటే కాస్త లోపలికి దిగుతుంది. హాట్ డాగ్ అయితే అసలు మాంసం ముక్కే కాదు. మాంసాన్ని, కొవ్వును, ఉప్పును, ఐస్ నీటిని మెత్తటి ముద్దగా రుబ్బి, గొట్టంలాంటి తొడుగులో నింపి, ఉడికించి బిగుసుకునేలా చేసినది. అప్పటికే నీళ్లు, ఉప్పు ఎంత పట్టాలో అంతా పట్టి ఉంది. పైన బిగుతైన నున్నటి పొర. ఇంక కొత్తగా దేన్నీ లోపలికి రానివ్వదు. గాటు పెడితే సాస్ నిలవడానికి చోటు దొరుకుతుంది, వేడి తగిలి ఎర్రబడడానికి అంచులు పెరుగుతాయి. రుచి పుట్టేది ఆ అంచుల్లోనే. మాంసంలోని ప్రొటీన్లు, చక్కెరలు కలిసి వేడికి గోధుమ రంగులోకి తిరగడాన్ని మేలార్డ్ చర్య అంటారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మేలార్డ్ 1912లో దీన్ని వివరించాడు. అది చురుగ్గా సాగాలంటే దాదాపు 140 డిగ్రీల వేడి కావాలి. పైన నీళ్లు కారుతున్నంతసేపు ఆ తడి ఆరడానికే వేడంతా పోతుంది, పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వదిన తడి ఎందుకు అద్దించిందో ఇది చదివాకే నాకు అర్థమైంది. గాట్లలో ఉండాల్సింది ఉంటుంది, పైన ఉన్న నీరు పోతుంది, అంతే.

ఇప్పుడు నా మ్యారినేడ్. 8 హాట్ డాగ్‌లకు సోయా సాస్ 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు 2 టేబుల్ స్పూన్లు, వెనిగర్ ఒకటి, నూనె ఒకటి. మస్టర్డ్ సాస్ ఒక టీ స్పూన్, స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టి ఆరబెట్టిన ఎర్ర మిరప పొడి) ఒక టీ స్పూన్, వెల్లుల్లి పొడి అర టీ స్పూన్, మిరియాల పొడి అర టీ స్పూన్. పచ్చి వెల్లుల్లి తురుము నిప్పుల మీద ఇట్టే మాడి చేదెక్కుతుంది కాబట్టి ఈ ఒక్క చోట పొడే మంచిది. వూస్టర్ సాస్ ఉంటే ఒక స్పూన్ వేసుకోవచ్చు, లేకపోయినా లోటు ఉండదు. విడిగా ఉప్పు మాత్రం వేయొద్దు. మామూలు సైజు హాట్ డాగ్ ఒక్కదానిలోనే దాదాపు 400 నుంచి 500 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటోంది. పైగా సోయా సాస్ కూడా ఉప్పే కదా, అందుకే సగం నీళ్లు కలిపాను.

ఇందులో తీపి లేదని గమనించే ఉంటారు. తీపి చివర్లోనే వేయాలి. ఒక టేబుల్ స్పూన్ తేనెలో ఒక టీ స్పూన్ మస్టర్డ్ కలిపి పెట్టుకుని, దించడానికి ఒకటి రెండు నిమిషాల ముందు బ్రష్‌తో పూస్తే చాలు. మెరుపు వస్తుంది, మాడదు. తీపిని మొదటి నుంచీ నిప్పుల మీద పెట్టినవాళ్లకు నాకు ఎదురైన అనుభవమే ఎదురవుతుంది.

గాట్లు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు చాలు. మరీ లోతుగా కోస్తే తిప్పేటప్పుడు విరిగిపోతాయి. కొందరు పుల్ల గుచ్చి, కత్తి ఆనించి తిప్పుతూ స్ప్రింగ్‌లా కోస్తారు. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు సరదాపడతారు, కానీ కొవ్వంతా కారిపోయి ఎండిపోతుంది. నా ఓటు ఏటవాలు గాట్లకే. నానబెట్టేది ఫ్రిజ్‌లోనే, పావుగంట నుంచి గంట. పని ఉండి ఆలస్యమైతే మూడు నాలుగు గంటలకు కూడా ఏమీ కాదు, కానీ అంతసేపు ఉంచడం వల్ల కొత్తగా వచ్చే రుచీ ఏమీ లేదు.

ఒక్క రకానికి మాత్రం కత్తి పెట్టకండి. గొర్రె పేగుల్లాంటి సహజమైన తొడుగుతో చేసేవి ఉంటాయి. కొరికినప్పుడు పుటుక్కుమని తెగడమే వాటి అందం, గాటు పెడితే ఆ పుటుక్కు పోతుంది. వాటికి మ్యారినేడ్ కూడా వృథా. ఊరికే కాల్చి, పైన సాస్ పూసుకుని తినండి. ఉడికించాక తొడుగు తీసేసి అమ్మే, ఎక్కువగా దొరికే తొక్కలేని రకానికే ఈ గొడవంతా.

గ్రిల్ దగ్గర నాకు కంటగింపుగా ఉండేవి ఇంకో మూడు ఉన్నాయి, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఫోర్క్‌తో గుచ్చి తిప్పేవాళ్లు. గాటు వేరు, పోటు వేరు. గాటు పైపైన విచ్చుకుంటుంది, పోటు లోపలి రసాన్ని బయటికి తీసి నిప్పుల్లో పోస్తుంది. పటకారు వాడండి. రెండోది, బొగ్గులు వెలిగించడానికి ద్రవం పోసి, ఆ వాసన పోకముందే తినేవి పరిచేయడం. బొగ్గుల మీద బూడిద తెల్లగా పట్టేదాకా ఆగలేరా? ఎంత మంచి మ్యారినేడ్ వేసినా పెట్రోలు బంకు దగ్గర నిలబడి తిన్నట్టుంటుంది. మూడోది చల్లటి బన్ను. ఇంత కష్టపడి చేసి, ప్యాకెట్‌లోంచి తీసిన బన్నులో అలాగే పెట్టి ఇస్తారు. లోపలి వైపు కాస్త వెన్న రాసి, అర నిమిషం గ్రిల్ మీద బోర్లించండి. సాస్ పీల్చుకుని మెత్తబడిపోకుండా కూడా ఉంటుంది.

గ్రిల్ లేదని ఆగక్కర్లేదు. మందపాటి ఇనుప పెనం మీద కూడా ఇదంతా కుదురుతుంది. ముందు సన్నటి మంట మీద మూతపెట్టి లోపలిదాకా వేడి చేసి, తర్వాత మంట పెంచి రంగు తెప్పించండి. పొగ వాసన ఆ పాప్రికా చూసుకుంటుంది.

నానబెట్టగా మిగిలిన మ్యారినేడ్‌ను పచ్చిగా బన్నులో పోసుకోవద్దు. లిస్టీరియా సంగతి పైన చెప్పాను కదా. నేనైతే పెనం మీద ఉల్లిపాయ చక్రాలు వేసి, ఎర్రబడ్డాక అందులో ఆ మ్యారినేడ్ పోసి, తెర్లి దగ్గరపడేదాకా ఉంచుతాను. హాట్ డాగ్ మీద ఆ ఉల్లిపాయలు వేసుకుంటే కెచప్ అక్కర్లేదు. తెరిచిన ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో వారానికి మించి ఉంచకండి.

ఆ రోజు వదిన కడుపులో ఉన్న పాప ఇప్పుడు మా ఇంటికి వస్తే గ్రిల్ దగ్గరే తిరుగుతూ “బాబాయ్, నాకు?” అంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు హాట్ డాగ్ గుండ్రటి ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి, దానికి సగం హాట్ డాగే, తేనె, మ్యారినేడ్ లేకుండా, నిలువుగా నాలుగు చీలికలు చేసి, మళ్లీ చిన్న చిన్న ముక్కలుగా తరిగి పెడతాను. గాట్లు పెట్టే పని మాత్రం ఇప్పటికీ వదినదే.