బెట్టలో గడ్డి మందు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

పత్తిలో కొట్టిన గడ్డి మందు పనిచేయలేదని, దుకాణం వాడు కల్తీది అంటగట్టాడని అక్క ఫోన్లో చెప్పింది. ఇంకో డబ్బా తెచ్చి మోతాదు పెంచి కొడతానంటున్నావట. ఆ పని మాత్రం చేయకు. కల్తీ లేదని నేననను, మన దగ్గర అదేం కొత్త కాదు. కానీ నువ్వు కొట్టిన రోజుకి చెలకలో వాన పడి ఎన్నాళ్లయింది? మధ్యాహ్నానికి ఊద గడ్డి ఆకు ముడుచుకుంటోందా? దుకాణం వాడి మీదికి పోయేముందు అది చూడాలి.

నువ్వు కొట్టిన క్విజలోఫాప్, గడ్డి జాతి కలుపును చంపే మందు, పడ్డచోట ఆకును మాడ్చేది కాదు. ఆకులోకి దిగి, రసంతో పాటు మొవ్వు, అంటే నడి చిగురు, దాకా పోయి, అక్కడ ఎదుగుదలను ఆపాలి. బెట్టకొచ్చిన గడ్డిలో ఆ రసం పారడమే మందగిస్తుంది. పైగా ఉన్న తడిని కాపాడుకోవడానికి ఆకు మీద మైనం పూత మందమవుతుంది, దాని మీద దుమ్మొకటి. ఎంత చిక్కగా కలిపినా లోపలికి పోయేది కొంచెమే. అందుకే వాన పడి, రెండు మూడు రోజులకు గడ్డి పచ్చగా చిగురేస్తున్నప్పుడు కొట్టు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 5 శాతం క్విజలోఫాప్ 400 మి.లీ., వెడల్పాకు కలుపుకు 10 శాతం పైరిథయోబాక్ సోడియం 250 మి.లీ. కలుపు 2 నుంచి 4 ఆకుల దశలో ఉండాలి. పైరిథయోబాక్‌కు పత్తి కాస్త పసుపెక్కితే కంగారుపడకు, వారం పది రోజుల్లో తేరుకుంటుంది. తుంగ మీద మాత్రం క్విజలోఫాప్ పనిచేయదు. అది చావలేదని మందును తిట్టొద్దు.

గడ్డి మర్నాడే ఎండాలని కూడా చూడకు. వారం తర్వాత మొవ్వాకు పట్టి లాగు. తేలిగ్గా ఊడొచ్చి, మొదలు గోధుమ రంగులో కుళ్లి ఉంటే మందు పట్టినట్టే.

ఇప్పుడైతే సాళ్ల మధ్య కలుపును పెళ్లగించే గుంటుక తోలు. ఈ ఎండకు పెళ్లగించిన గడ్డి సాయంత్రానికే వడలిపోతుంది. అదే ముసురులో తోలితే మళ్లీ వేరు పట్టుకుంటుంది. గుంటుకకు బెట్ట కావాలి, మందుకు నేలలో పదును, అంటే తడి, కావాలి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు.

కలుపు మొలవకుండా విత్తగానే కొట్టే పెండిమిథాలిన్ సంగతీ అంతే. పొడి దుక్కిలో గింజలేసి వాన కోసం చూసే అలవాటు మనది. ఆ దుమ్ములో కొడితే ఎండకు, వేడికి చాలా మటుకు పోతుంది. నేల తడిసిన 48 గంటల లోపు, పత్తి మొలక పైకి రాకముందే కొట్టు. పెడ్డలు లేకుండా చూసుకుని, వెనక్కి నడుస్తూ కొడితే పైన పరుచుకున్న మందు పొర నీ అడుగులకు చెదరదు.

మక్కలో కొట్టే కలుపు మందు అట్రజిన్ తేలిక నేలకు ఎకరాకు 800 గ్రాములైతే, నల్లరేగడికి 1200 దాకా చెబుతారు. రేగడి మట్టి, పశువుల ఎరువు మందును పట్టి ఉంచుతాయి, అందుకే ఎక్కువ కావాలి. అదే మోతాదు ఎర్ర చెలకలో వేశాక కుండపోత కురిస్తే మందు కిందికి దిగిపోతుంది.

పక్క చేనివాడు వెడల్పాకు కలుపును చంపే 2,4-డి కొడుతున్నాడేమో ముందే కనుక్కో. కొంచెం గాలికి వచ్చినా పత్తి ఆకులు బెండాకుల్లా చీలి సన్నబడతాయి. ఈస్టర్ రకమైతే ఎండ వేడికి ఆవిరై కూడా వస్తుంది. గాలి అసలే లేని సాయంత్రం మంచిదనుకుంటారు గానీ, అప్పుడు చల్లబడ్డ గాలి నేలకు అణిగి ఉంటుంది, సన్న తుంపర దాంట్లో తేలుతూ ఎటైనా పోతుంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, ఆకులు మెల్లగా కదిలేపాటి గాలిలో కొట్టాలి. తర్వాత మూడు నాలుగు గంటలన్నా వాన రాకూడదు. 2,4-డి వాడిన పంపు ఎవరిచ్చినా తీసుకోకు, ఎంత కడిగానన్నా సరే.

నీళ్లు చెరువువైతే తేరనిచ్చి వడగట్టు. బురద నీళ్లలో గ్లైఫోసేట్ అనే కలుపు మందు అసలే పనికిరాదు, మట్టి రేణువులకు అతుక్కుపోతుంది.

కొత్త డబ్బా ఇప్పుడే కొనకు. వాన పడ్డ మూడో రోజు పొద్దున చేనంతా ఒకసారి తిరిగి, ఊద ఎన్ని ఆకుల మీదుందో చూసి నాకు ఫోన్ చెయ్. నాలుగాకులు దాటితే మళ్లీ గుంటుకే, కూలీలు దొరికితే సాళ్లలో కలుపు కూడా తీయించాల్సిందే.

మీ మామ